తడిసినా మొలకెత్తని వడ్లు

సార్వా (ఖరీఫ్ వరి) కోతలప్పుడు తుఫాను పడిందంటే మా గోదావరి జిల్లాల్లో ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది గింజ మొలకొచ్చిందా అనే. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను అప్పుడూ ఇదే గోల. ఒరిగిపోయిన చేలో నీళ్లలో నానుతున్న వరి వెన్ను (కంకి) పైకెత్తి చూస్తే ఊక చీల్చుకుని తెల్లగా మొలకలు, గట్టు అవతల వేరే రకం, అదే వాన అదే నీళ్లు, గింజ మాత్రం గట్టిగా అలాగే ఉంది. ఆ రకానికి నిద్రావస్థ, అంటే ముదిరాక కొన్ని వారాలు తడి తగిలినా మొలవని గుణం ఉంది, దీనికి లేదు, అంతే తేడా.

గింజ పాలు పోసుకుని ముదిరేటప్పుడు అందులో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ చేరుతుంది, ఇప్పుడే మొలవొద్దు అని ఆపేది అదే. లేపేది జిబ్బరెల్లిన్. నిద్ర తీరిన గింజకి తడి తగిల్తే పిండం నుంచి జిబ్బరెల్లిన్ తవుడు పొరకి చేరుతుంది, అక్కడ అమైలేజ్ అనే ఎంజైమ్ తయారై లోపలి పిండిని చక్కెర చేస్తుంది, మొలక ఆ చక్కెర తిని లేస్తుంది. మొలకొచ్చిన వడ్లు మిల్లుకి తోల్తే నూకైపోయేది అందుకే, లోపల పిండి అప్పటికే కరగడం మొదలైపోయింది కదా.

ఈ జిబ్బరెల్లిన్ దొరికింది కూడా వరిలోనే అండి. నారు పాలిపోయి సన్నగా పొడుగ్గా సాగిపోయే తెగులు ఒకటుంది, దానికి కారణం శిలీంధ్రం వదిలే పదార్థమేనని 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త చూపించాడు, 1935లో యబుటా దానికి ఈ పేరు పెట్టాడు.

విత్తనం కొనేటప్పుడు దిగుబడి ఎంత, ఎన్ని రోజుల పంట అని అడుగుతాం, నిద్రావస్థ ఎన్ని వారాలు అని అడిగేవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ, తుఫాన్ల కాలంలో కోసే మనం మొదట అడగాల్సింది అది. అది లేని రకమే వేసుంటే, చేను ఒరగ్గానే లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద కొట్టాలి, మొలక బయటికొచ్చేశాక కొట్టి లాభం లేదు.

అదే నిద్ర దాళ్వాకి (రబీ వరికి) అడ్డమొస్తుంది, ఇప్పుడే కోసిన వడ్లు నారుమడికి కావాలంటే లేవవు. అప్పుడు లీటరు నీళ్లకి 6.3 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం, నిద్ర ఎక్కువున్న రకమైతే 10, కలిపి కిలో విత్తనం 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టాలి, అంటే తడి విత్తనాన్ని కప్పి ఉంచి మొలకెత్తనివ్వాలి. ప్లాస్టిక్ బకెట్టే వాడండి, నీళ్లలో ఆసిడ్ పోయండి గానీ ఆసిడ్ మీద నీళ్లు పోయకండి, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.