బేస్‌మెంట్‌లో మిరపనారు

“కాండం మొదలు దగ్గర దారంలా సన్నబడి పక్కకి వాలిపోయిందా?” అని అడిగాడు నాన్న, నేనింకా ఫోన్ కెమెరా ట్రే దాకా తీసుకెళ్లకముందే. అవునన్నాను. “నారుకుళ్లు తెగులు. నీళ్లెక్కువ పోశావు” అని తేల్చేసి టీ తాగడం మొదలెట్టాడు. ఆయన గుంటూరు జిల్లాలో నలభై ఏళ్లు మిరప పండించిన మనిషి. నేను కెనడాలో, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో, ఇంటి బేస్‌మెంట్‌లో 36 గింజలు పెట్టి మూడు వారాల్లో దాదాపు అన్నీ చంపుకున్న మనిషిని.

ఇక్కడ నారు ఇంట్లోనే ఎందుకు పోయాలంటే, బయట మే నెల సగం దాటేదాకా మంచు భయం పోదు. మిరపకేమో నాటేనాటికి ఎనిమిది వారాల నారైనా కావాలి. నేల మీద విత్తనం చల్లుకుంటే కాయ రంగు తిరిగేలోపు మళ్లీ చలి వచ్చేస్తుంది. అందుకే మార్చి మొదటి వారంలో, బయట మోకాలి లోతు మంచు ఉండగా పని మొదలుపెట్టాను.

విత్తనాలు ఊరి నుంచి పంపిస్తానని నాన్న అన్నాడు. మొక్కల విత్తనాలకు ఇక్కడ దిగుమతి నిబంధనలు గట్టిగా ఉంటాయి, వద్దన్నాను. ఇక్కడి దుకాణంలో దొరికే ప్యాకెట్ ఒకటి కొన్నాను. రెండో రకం ఇండియన్ స్టోర్‌లోని ఎండుమిరపకాయల నుంచి తీసినవి. “హైబ్రిడ్ కాయ అయితే గింజ తల్లిలా రాదురా” అని నాన్న ముందే చెప్పాడు. వచ్చిందే చాలనుకున్నాను.

మొదటి విడతలో చేసిన తప్పులన్నీ ప్రేమతో చేసినవే. కిందటేడు మిగిలిన తోట మట్టి ట్రేలో నింపాను. అది తడిస్తే ముద్ద, ఆరితే ఇటుక. గింజలు పెట్టి, పైన ప్లాస్టిక్ మూత వేసి, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ ఉన్న గదిలో పెట్టాను, అక్కడ వెచ్చగా ఉంటుందని. పదో రోజుకి మొలకలు కనిపించాయి. ఇల్లంతా పిలిచి చూపించాను. వాటిని తెచ్చి కిటికీలో పెట్టాను. మార్చి ఎండ ఏపాటిది! మూడు రోజుల్లో మొలకలన్నీ గాజు వైపు మెడలు సాచి, సన్నగా, తెల్లగా, వేలెడు పొడుగు సాగాయి. పాపం బలహీనంగా ఉన్నాయి కదా అని పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాను. చలేస్తుందేమోనని మూత తీయలేదు. ఒకరోజు పొద్దున చూస్తే ఐదు పడిపోయి ఉన్నాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, కాండం మాత్రం మట్టిని తాకే చోట నొక్కేసినట్టు నల్లబడింది. మర్నాటికి పన్నెండు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

ఊళ్లో అయితే నాన్న లీటరు నీళ్లకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మడి తడిపేవాడు. ఇంట్లో, పిల్లలు తిరిగే చోట మందులు వద్దనుకున్నాను. “అయితే ఎత్తుమడి చెయ్, నీళ్లు నిలబడనీకు, గాలి ఆడనీ” అన్నాడు. బేస్‌మెంట్‌లో ఎత్తుమడి అంటే ఏమిటని ఆలోచిస్తూ లైట్లు కొనడానికి బయల్దేరాను.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఇండోర్ మొక్కల సామాన్లు అమ్మే దుకాణంలో నన్ను చూసి కౌంటర్ దగ్గరున్న కుర్రాడు “నాలుగు మొక్కలకేనా?” అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. 2018 అక్టోబర్ 17 నుంచి కెనడాలో గంజాయి చట్టబద్ధం. మేముండే ఒంటారియో రాష్ట్రంలో ఇంటికి నాలుగు మొక్కలదాకా పెంచుకోవచ్చు. ఆ దుకాణానికి వచ్చేవాళ్లలో చాలామంది వాటి కోసమే వస్తారు. మిరపనారు అనగానే అతను నవ్వి, “మొలకంటే ఏదైనా ఒకటే, మొదటి రెండు వారాలు ఎరువు పెట్టకు, ఎక్కువ నీళ్లు పోయకు” అన్నాడు. నాన్న మాటే ఇంగ్లీషులో విన్నట్టయింది. లైట్ల డబ్బా మీద మాత్రం ఐదారు వేళ్ల ఆ ఆకు బొమ్మ పెద్దగా ఉంది. వీడియో కాల్‌లో అమ్మ కళ్లు సరిగ్గా దాని మీదే పడ్డాయి. “అదేంట్రా ఆ బొమ్మ?” మన దగ్గర ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం కింద ఆ మొక్క పెంచితే జైలే కదా, అమ్మ టెన్షన్ తీర్చడానికి ట్రేలన్నీ ఒక్కొక్కటి తిప్పి చూపించాల్సి వచ్చింది.

రెండో విడత మార్చి 22న పెట్టాను. ఈసారి పాత ట్రేలు ఒకటికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపిన బ్లీచ్‌తో కడిగి ఆరబెట్టాను. తోట మట్టి బదులు పీట్ (కుళ్లిన నాచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిసిన విత్తనాల మిశ్రమం తెచ్చాను. పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. గింజ పావు అంగుళం లోతున పెట్టి, ట్రే కింద కరెంటుతో వెచ్చబడే హీట్ మ్యాట్ వేశాను. మా బేస్‌మెంట్ 17, 18 డిగ్రీలు దాటదు, మిరప గింజకేమో 27 దగ్గర ఉంటే హాయి. ఆరో రోజే మొదటి మెడ వంపు కనిపించింది. ముప్ఫై గింజలకు ఇరవై నాలుగు మొలిచాయి. పైకి రానివి చాలావరకు ఎండుమిరప గింజలే. ఏ ఎండలో ఎన్నాళ్లు పడి ఉన్నాయో!

మొలక కనిపించిన రోజే మూత తీసేశాను, మ్యాట్ ఆపేశాను. మొదటిసారి చేయని పని ఇదే. గింజ మొలవడానికి కావాల్సిన వేడి, ఆవిరి మొలిచాక దానికి శత్రువులు.

రెండు మొలకలు గింజ తొక్కును టోపీలా తలమీద పెట్టుకునే వచ్చాయి. బీజదళాలు, అంటే గింజలోంచి వచ్చే మొదటి జత ఆకులు, రెండూ లోపల ఇరుక్కుపోయి విచ్చుకోవు. ఒకదాన్ని గోటితో లాగితే తలే ఊడొచ్చింది. రెండోదానికి తడిపిన దూది అరగంట ఆనించి, తొక్కు మెత్తబడ్డాక చీపురుపుల్ల కొసతో తోశాను. జారిపోయింది. ఆ మొలకకి మా అమ్మాయి ‘టోపీ’ అని పేరు పెట్టింది. మిగతా వాటికి పేర్లు లేవు.

లైట్లు గొలుసులకు వేలాడదీసి మొలకల తలల పైన బెత్తెడు ఎత్తులో ఉంచాను. ఇవి ట్యూబుల్లాంటి ఎల్‌ఈడీలు, పెద్దగా వేడి ఉండదు. బలమైన ప్యానెల్ లైట్ అయితే ఇంత దగ్గర పెడితే ఆకు మాడుతుంది. మొక్క పెరిగేకొద్దీ గొలుసు ఒక్కో కొక్కెం పైకి. టైమర్ పెట్టి పదహారు గంటలు వెలుగు, ఎనిమిది గంటలు చీకటి. మూలన చిన్న ఫ్యాన్, ఆకు కదిలీ కదలనంత వేగంతో. ఆ గాలికి మట్టి పైపొర ఆరుతుంది, కాండం కూడా లావెక్కుతుంది.

నీళ్ల విషయంలో చెయ్యి కట్టేసుకోవడం కష్టమైంది. చిలకరించే సీసా అలమరాలో పెట్టి తాళం వేయలేదు గానీ, అంత పని చేశాను. పైనుంచి పోయడం పూర్తిగా మానేసి, కింది ట్రేలో నీళ్లు పోసి అరగంటలో పీల్చుకున్నంత పీల్చుకోనిచ్చి మిగిలింది పారబోసేవాణ్ని. ఎప్పుడు పోయాలి అనేదానికి గడియారం కాదు, బరువు చూసుకోవాలి. ట్రే ఒక చివర ఎత్తి చూస్తే తడిది, ఆరినది తేడా రెండో వారానికి చేతికే తెలిసిపోయింది. నాలుగు రోజులకోసారి సరిపోయేది.

రెండు జతల అసలు ఆకులు వచ్చాక ఎరువు, అదీ ప్యాకెట్ మీద రాసిన దాంట్లో సగం. ఏప్రిల్ మూడో వారంలో ఒక్కోదాన్నీ అడుగున చిల్లులు పెట్టిన కాఫీ కప్పుల్లోకి మార్చాను. మార్చేటప్పుడు ఆకు పట్టుకోవాలి, కాండం కాదు. ఆకు పోతే ఇంకోటి వస్తుంది. మట్టి మీద చిన్న నల్ల దోమలు ముసిరితే పసుపు రంగు జిగురు అట్టలు గుచ్చి, మట్టి ఇంకాస్త ఆరనిచ్చాను, తగ్గాయి. పీలగా ఉన్న మూడింటిని పీకేశాను. దీనికి మా ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉంది.

మే మొదటి వారంలో బయటి గాలి అలవాటు చేయడం మొదలు. మొదటిరోజు గంట సేపు నీడలో, తర్వాత రోజుకో గంట పెంచుతూ వారం పది రోజులు. నాలుగో రోజు ఆఫీసు మీటింగ్‌లో పడి రెండు కప్పులు మధ్యాహ్నం ఎండలో మర్చిపోయాను. ఆకులు కాగితంలా తెల్లబడ్డాయి. బేస్‌మెంట్‌లో పెరిగిన ఆకుకి ఎండ తెలీదు మరి. ఆ రెండూ కోలుకోలేదు. మిగిలినవి పద్దెనిమిది. ఆరు పక్కింటి పంజాబీ ఆంటీకి ఇస్తే ఆవిడ మెంతికూర కట్టలు నాలుగు ఇచ్చింది.

మే నెలలో వచ్చే విక్టోరియా డే సెలవులకి పన్నెండూ నేలలో పెట్టాను. మూడో రాత్రి రెండు డిగ్రీలకు పడుతుందని వాతావరణ హెచ్చరిక వచ్చింది. పది గంటలప్పుడు టార్చ్ లైట్ పట్టుకుని, ఇంట్లో ఉన్న బకెట్లు, పెద్ద గిన్నెలు, ఆఖరికి ఇడ్లీ కుక్కర్ కూడా తెచ్చి ఒక్కో మొక్క మీద బోర్లించాను. పొద్దున ఆరింటికి గడ్డి మీద తెల్లగా పొడిలా మంచు. ఇడ్లీ కుక్కర్ ఎత్తితే ‘టోపీ’ నిటారుగా ఉంది.

నాన్నకు వీడియో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. “మొక్కకీ మొక్కకీ ఎడం ఎంత పెట్టావు?” అన్నాడు. అడుగున్నర అన్నాను. “ఆ మూల రెండూ దగ్గరయ్యాయి. ఒకటి తీసి అవతల పెట్టు, సాయంత్రం పూట” అని ఫోన్ అమ్మకిచ్చేశాడు.