నిలబెట్టి చదివే గ్రంథం

శనివారం రాత్రి, ఇజ్రాయెల్‌లోని రమత్ గన్.

యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు ప్రార్థనా మందిరంలో ఫొటో తీయరు, కలం పట్టరు కనుక, పొద్దున చూసిన తోరా (చుట్టగా ఉండే యూదుల పవిత్ర గ్రంథం) పెట్టె గురించి చీకటి పడ్డాకే రాసుకుంటున్నాను. నేను సంరక్షణ చూసుకునే పెద్దాయన బాగ్దాదులో పుట్టారు. 1950-51లో లక్షా ఇరవై వేల మందికి పైగా ఇరాకీ యూదులు విమానాల్లో ఇజ్రాయెల్ చేరినప్పుడు ఆయన కుటుంబమూ వచ్చింది. ఆయన వెళ్లే మందిరంలో నేటికీ అంతా బాగ్దాదు పద్ధతే.

ఐరోపా యూదులు తోరా చుట్టకు గుడ్డ తొడుగు వేసి, చదివేటప్పుడు దాన్ని తీసి బల్ల మీద పడుకోబెడతారు. వీళ్లది ‘తీక్’ అనే గట్టి కర్రపెట్టె. వెనక కీళ్లు, ముందు పుస్తకంలా విచ్చుకునే రెండు సగాలు. చుట్టను బయటికి తీయకుండా, పెట్టెతో సహా నిలువుగా నిలబెట్టి చదువుతారు. దాని సింగారమంతా ఈ నిలబడటంలోంచే పుట్టిందని నాకు తోచింది. పడుకోబెట్టే చుట్టకూ వెండి శిఖరాలు పెడతారు గానీ చదివే ముందు వాటిని తీసి పక్కన ఉంచాలి. ఇక్కడ ఉల్లిగడ్డ ఆకారపు గోపురం పెట్టెలో భాగమే కాబట్టి, చదువుతున్నంత సేపూ చదివేవాడి ముఖానికి ఎదురుగా అలాగే మెరుస్తూ ఉంటుంది.

మాది కరీంనగర్. సన్నని వెండి తీగను మెలితిప్పి ఆకులుగా, పూలుగా అతికించే పనిని చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి గనుక నా కన్ను ముందు తీగ కోసమే వెతికింది. అది లేదు. ఇది రేకు పని: వెనక నుంచి కొట్టి పూలను ఉబ్బెత్తుగా లేపి, ముందు నుంచి ఉలితో అంచులు తీర్చి, ఆ రేకును చిన్న మేకులతో కర్రకు బిగించారు. మేకుల తలలను దాచాలని కూడా చూడలేదు. వాటినే వరుసగా కొట్టి అంచుకు ముత్యాల పేరులా చేశారు. మా ఊరి పనిలోని నాజూకు ఇందులో లేదనే అంటాను, కానీ వారం వారం చేతులు మారే వస్తువుకు తీగ పని నిలవదు. జనం వేళ్లు తాకించి ముద్దు పెట్టుకునే ఎత్తులో పూలు అరిగి నునుపెక్కాయి, పైనున్నవి మాత్రం ఇంకా పదునుగానే ఉన్నాయి.

పెట్టె తెరిచినప్పుడు లోపలి పలకల మీద చెక్కిన హీబ్రూ అక్షరాలు కనిపించాయి. ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో రాశారట. “బయట పువ్వులు అందరివీ, లోపలి పేరు మాత్రం ఇచ్చినవాళ్లది” అన్నారు పెద్దాయన.

కొచ్చి యూదులూ తోరాను పెట్టెలోనే ఉంచుతారు. మట్టాంచేరిలోని కడవుంభాగం మందిరపు లోపలి కర్ర పనిని జెరూసలెంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు. సెలవు దొరికిన రోజున వెళ్లి, కేరళ వడ్రంగి చేతికీ బాగ్దాదు కంసాలి చేతికీ తేడా ఏమిటో చూడాలి.