రేకుల షెడ్డులో చలికాలపు బ్యాచ్

నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. అందువల్ల మా ఉదయగిరి వైపు చలికాలం తడితోనే మొదలవుతుంది. ముసురు పట్టిన కార్తీకంలోనో, మంచు దిగే ధనుర్మాసంలోనో కొత్త బ్యాచ్ వచ్చిందంటే బ్రాయిలర్ రైతుకు కంటి మీద కునుకుండదు. తెల్లవారుజామున 18 డిగ్రీలంటే మనిషికి దుప్పటితో పోయే చలే. కానీ ఒక రోజు వయసున్న కోడిపిల్లకు 33 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, ఎందుకంటే సుమారు రెండు వారాలు నిండేవరకు తన ఒంటి వేడిని తానే నిలుపుకొనే శక్తి దానికి రాదు.

మా షెడ్లు చలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. ఎండకూ ఉక్కకూ భయపడి తూర్పు పడమరలుగా పొడవుగా, అడుగు గోడ మీద ఇనుప వలతో, పైన ఒట్టి రేకులతో కట్టుకున్నవి. 300 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డులోని గాలి మొత్తాన్ని 18 నుంచి 33 డిగ్రీలకు తేవడానికి కావలసిన వేడి ఒక్క కిలో గ్యాస్‌లో ఉంటుందంటే నమ్మడం కష్టం, కానీ లెక్క అంతే వస్తుంది. ఖర్చంతా ఆ వేడిని నిలబెట్టడంలో ఉంది. ఒంటిపొర రేకు గుండా బయటికి పోయే వేడిని లెక్క కడితే, వల సందుల సంగతి పక్కన పెట్టినా, గంటకు దాదాపు ఐదు కిలోల గ్యాస్ పైకప్పుకే సమర్పించుకోవాలి. 19 కిలోల సిలిండరు నాలుగు గంటలకు సరి. కాబట్టి షెడ్డును వెచ్చబరచాలన్న ఆలోచనను మొదటే మానుకుని, పిల్లలున్న చోటు వరకే వేడిని కట్టడి చేయాలి.

ఇందుకు షెడ్డులో మూడో వంతును అడ్డంగా పరదా కట్టి వేరుచేసి, దానిపైన ఏడడుగుల ఎత్తున పాత టార్పాలిన్ పట్టాలను సీలింగులా లాగి కట్టాలి. రేకుకూ పట్టాకూ నడుమ చిక్కిన గాలే వేడిని ఆపుతుంది. గంటకు ఐదు కిలోలు తాగే షెడ్డు అప్పుడు కిలో లోపుతో సర్దుకుంటుంది. చలికాలంలో పిల్లకు రెండు వాట్ల చొప్పున బల్బులు పెట్టమని పెద్దలు చెప్పే లెక్క ప్రకారం ఏడు వేల పిల్లలకు 14 కిలోవాట్లు కావాలి. అదీ ఇంచుమించు గంటకు కిలో గ్యాస్ ఇచ్చే వేడికే సమానం. కింద పరిచే వరిపొట్టు పొడిగా ఉండాలి. వానకు తడిసి ముక్కిన పొట్టులోని బూజు పిల్లల ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. పిల్లలు దిగడానికి ఒక రోజు ముందే, వాటికి వేడినిచ్చే బ్రూడర్లు వెలిగించి పొట్టును వెచ్చబరచాలి, ఎందుకంటే పిల్లకు చలి ముందు కాళ్ల నుంచే ఎక్కుతుంది.

బల్బులు శుభ్రమైనవే గానీ తుపాను రాత్రి కరెంటు పోతే వాటితో పాటే వేడీ పోతుంది. చిల్లచెట్ల బొగ్గు చౌక. కుంపటిని బయటే రాజేసి, పొగ పూర్తిగా పోయి నిప్పు ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చినా, దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు కనుక మనిషికీ పిల్లకూ ప్రమాదమే. నా ఓటు గ్యాస్ బ్రూడరుకు. అయితే దానికీ ఒక గుణం ఉంది: కిలో గ్యాస్ కాలితే సుమారు లీటరున్నర నీరు ఆవిరిగా షెడ్డులోనే చేరుతుంది. రాత్రికి పది కిలోలు కాలిస్తే అది పదిహేను లీటర్లు. ఆ ఆవిరి పట్టా సందుల్లోంచి ఎగసి చల్లటి రేకుకు తగిలి, తెల్లవారేసరికి బోల్టుల మొనల నుంచి బొట్లుబొట్లుగా కిందికి దిగుతుంది. ఆ బొట్లు పడిన చోట పొట్టు గడ్డకట్టి ఉంటుంది. కాలితో కదిపితే అమ్మోనియా ఘాటు ముక్కుకు తగులుతుంది.

చలికాలంలో ఎక్కువ పిల్లలను పోగొట్టేది చలి కన్నా ఈ ఉక్కిరిబిక్కిరే అని నా నమ్మకం. “పక్క వల మీది పరదాలు గట్టిగా బిగిస్తే నాలుగు సిలిండర్లు మిగుల్తాయన్నా” అని పక్క ఫారం అబ్బాయి ఏటా అంటాడు. గ్యాస్ మిగిలే మాట నిజమే. కానీ లోపల ప్రాణవాయువు తగ్గి, కళ్లు మండి, మేత తినని పిల్లలు మూడు నాలుగు వారాలకు పొట్టలో నీరు చేరి కూలిపోతాయి, ఆ నష్టాన్ని ఏ సిలిండరూ పూడ్చదు. పరదాను పైనుంచి కిందికి దించేలా కాక, కింద నుంచి పైకి లాగేలా కట్టుకుని, పై అంచున జానెడు సందు ఎప్పుడూ వదలాలి. చెడు గాలి అటు వెళ్లిపోతుంది, చల్లగాలి నేరుగా పిల్లల మీద పడదు. వాసన చూడడానికి నిలబడితే చాలదు. పిల్లల ఎత్తుకు వంగి, ఒక్క నిమిషం అక్కడి గాలిని పీల్చి చూడాలి.

థర్మామీటరు అవసరమే, కానీ తుది తీర్పు పిల్లలదే. బ్రూడరు కింద ఒకదాని మీద ఒకటి గుట్టగా చేరి సన్నగా అరుస్తుంటే వేడి చాలలేదు, చిక్ గార్డు (పిల్లల చుట్టూ నిలిపే కంచె) అంచుకు పారిపోయి నోరు తెరిచి రొప్పుతుంటే ఎక్కువైంది, ఒకే మూలకు ఒత్తుకుంటే అవతలి వైపు ఎక్కడో గాలి కొడుతోంది. రాత్రి రెండింటికి ఒక పిల్లను తీసి దాని పాదాలను చెంపకు ఆనించి చూస్తే, చల్లగా తగిలిన వెంటనే సంగతి తెలిసిపోతుంది. దిగిన మర్నాటి ఉదయానికి మెడ కింది మేతసంచి వేలికి నిండుగా, మెత్తగా తగలాలి. గట్టిగా ఉంటే మేత తిని నీళ్లు తాగలేదని అర్థం.

వేడిని వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ, పిల్లలకు అడ్డంగా కట్టిన పరదా జరిపి చోటు పెంచుతూ పోవాలి. మా దగ్గర సంక్రాంతి రోజుల్లోనూ మధ్యాహ్నపు ఎండకు రేకు బాగానే కాలుతుంది కనుక, ఉదయం తొమ్మిది, పది గంటలకు పరదాలు దించి, పొద్దు వాలేలోపు మళ్లీ లాగే మనిషి ఒకరు ఫారం దగ్గరే ఉండాలి. ఆ మనిషి దొరకకపోతే చలికాలపు బ్యాచ్ వేయకుండా షెడ్డును ఖాళీగా ఉంచడమే మేలు.