కారంపూడిలో పట్టా కింద

గుంటూరు నుంచి కారంపూడికి నరసరావుపేట మీదుగా పొద్దున్నే వెళ్లి, వీరుల గుడి చూసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. కానీ పల్నాటి వీరుల ఉత్సవాలకు అలా వెళ్తే చూసినట్టే కాదని మా బాబాయి పట్టు. అందుకే ఆయన వెంట మా వీధి కుర్రాళ్లం ఒక టార్పాలిన్ పట్టా, దుప్పట్లు, దబర, బియ్యం మోసుకుని బయలుదేరాం. 2022లో పల్నాడు వేరే జిల్లా అయింది గానీ, మాకు మాత్రం అది ఇంకా మన జిల్లానే.

ఉత్సవాలు కార్తీక అమావాస్య నుంచి 5 రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. 12వ శతాబ్దంలో ఇక్కడ నాగులేటి ఒడ్డున జరిగిన పల్నాటి యుద్ధాన్ని తలుచుకుంటూ చేసేవి. సవతి అన్న నలగామరాజు పక్షంతో కోడిపందెంలో ఓడిన మలిదేవుడి పక్షం 7 ఏళ్లు వలస పోయింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపారు. ఆ తర్వాతే పోరు. మరి కథలో ముందొచ్చే కోడిపందెం ఇక్కడ నాలుగో రోజెందుకని అడిగితే, 'ఆచారం' అన్నారు. అంతే.

మేం దిగేసరికి చెట్ల నీడలన్నీ వీరుల ఆయుధాలను పూజించే వీరాచారవంతుల కుటుంబాలు పట్టేశాయి. చింతచెట్టు మొదట్లో ఆనించిన ఒక ఈటెకు పిడి నుంచి మొన దాకా పసుపు, మధ్యలో కుంకుమబొట్లు, కట్టిన వేపమండ అప్పుడే వాడుతోంది. వాళ్ల తాతల నాటిదట. దాని పక్కన కూర్చున్న పెద్దాయన మా అవస్థ చూసి, "అబ్బాయ్, అక్కడ కడితే రాత్రి గాలికి లేచిపోద్ది. ఇటు రండయ్యా" అని పిలిచాడు. అడుగంతా రాయే, మేకు దిగదు. తాళ్లను బండరాళ్లకు చుట్టి బిగించడం ఆయనే చూపించాడు. పొయ్యికి పత్తికట్టె కూడా ఇచ్చాడు. పత్తికట్టె భగ్గున మండి చప్పున ఆరిపోతుంది, పొయ్యి దగ్గర ఒకరు కాపలా ఉండాల్సిందే. నీళ్లకు ట్యాంకర్, మిగతావాటికి పొలాలు.

రాత్రి పల్నాటి కథ పాడే వీరవిద్యావంతులు పంబజోడు అనే జంట డోళ్ల మోతలో కథ ఎత్తుకున్నారు. మాంచాల తన భర్త బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపే ఘట్టం వచ్చేసరికి మంచు కురుస్తున్నా ఒక్కరూ లేవలేదు. మా కుర్రాళ్లు సైతం ఫోన్లు జేబులో పెట్టేశారు!

మందపోరు నాడు చాపకూడు. అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించింది మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనాపతిని చేసిందీ ఆయనే. ఆ చాప మీద నా పక్కన ఎవరు కూర్చున్నారో, ఏ ఊరివాళ్లో నేను అడగలేదు, వాళ్లూ అడగలేదు. పెళ్లి బంతిలో ఎవరి పక్కన ఎవరని ఇప్పటికీ లెక్కలు చూసే ఊళ్లు నాకు తెలుసు. అందుకే ఆ కత్తులు, ఈటెల కంటే ఈ కూడే నాకు పెద్ద విషయం అనిపించింది.

ఉద్యోగాలున్నవాళ్లం కోడిపోరు చూసి బస్సెక్కేశాం. బాబాయి మాత్రం కల్లిపాడు చూడందే కదలనని పట్టా, దబర తన దగ్గరే ఉంచేసుకున్నాడు.