ఊళ్లో గ్రంథాలయం, నాలుగు ఊళ్లలో కమిటీ: ఆన్‌లైన్ సమావేశాల చిట్టా

మా ఊరు తెనాలికి దగ్గర. ఊరి గ్రంథాలయం కార్యవర్గంలో తొమ్మిది మందిమి ఉన్నాం. అయిదుగురు ఊళ్లోనే ఉంటారు. ఇద్దరం హైదరాబాదులో, ఒకరు డాలస్‌లో, ఒకరు సిడ్నీలో ఉన్నాం. కార్యదర్శిని నేను కాబట్టి నెలనెలా సమావేశం ఏర్పాటు చేయడం నా వంతు. ఇందులో జీతం లేదు, ఎవరి బలవంతమూ లేదు. సెలవు రోజున కొందరు మొక్కలు పెంచుకుంటారు, కొందరు కెమెరా పట్టుకుని పక్షుల వెంట తిరుగుతారు. తొమ్మిది మంది నాలుగు చోట్ల కూర్చుని ఒక విషయం మీద సావధానంగా మాట్లాడుకుని, ఒక నిర్ణయానికి వచ్చి లేస్తే నాకు అంతటి తృప్తి కలుగుతుంది. ఏడాదిగా ఏ ఏర్పాటు పనికొచ్చిందో, దేన్ని వదిలేశామో ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇలాంటి కమిటీ నడుపుతున్న వారికి ఉపయోగపడాలని కోరిక.

జనవరి: ఏ సాధనం?

మూడింటిని చూశాను. జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలు, ఇద్దరే అయితే 24 గంటలు. జిట్సీలో ఇలాంటి గంటల లెక్క లేదు, పైగా అది ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా తీసుకుని తమ సొంత సర్వరులో నడుపుకోవచ్చు. కాకపోతే 2023 ఆగస్టు నుంచి జిట్సీ వారి సొంత సైటులో గది తెరిచేవారు ఏదో ఒక ఖాతాతో లాగిన్ కావాలి. మిగతావారు లింకు నొక్కి నేరుగా వచ్చేయవచ్చు.

చివరికి నెలవారీ సమావేశానికి మీట్, పుస్తకాల ఎంపిక ఉపసంఘానికి జిట్సీ అని స్థిరపరచుకున్నాం. మీట్‌ను ఎంచుకోవడానికి పెద్ద కారణం ఏమీ లేదు. ఊళ్లో అందరి ఆండ్రాయిడ్ ఫోన్లలో అది ముందే ఉంది, కొత్తగా దించుకోవలసిన పని లేదు. డెబ్బై దాటిన మా అధ్యక్షులు మాస్టారికి కొత్త యాప్ నేర్పడం కంటే ఉన్నదానితో సర్దుకోవడమే మర్యాద అనిపించింది. ఆ 60 నిమిషాల గడువు కూడా మేలే చేసింది. 55వ నిమిషంలో గడువు దగ్గర పడిందని తెర మీద సూచన వస్తుంది. అప్పటికి ఆఖరి అంశం ముగిసేలా చర్చాంశాలను పేర్చుకోవడం అలవాటైంది.

ఊరికే తెరిచి ఉంచిన లింకు మంచిది కాదు. 2020లో ముక్కూ మొహం తెలియనివారు జూమ్ సమావేశాల్లో జొరబడి అల్లరి చేయడంతో, ఆ ఏడాది ఏప్రిల్ 5 నుంచి ఉచిత ఖాతాలన్నిటికీ పాస్‌వర్డు, వెయిటింగ్ రూమ్ వాటంతటవే అమలయ్యేలా ఆ సంస్థ మార్చింది. ఏ సాధనమైనా సరే, వచ్చేవారిని పేరు చూసి లోపలికి అనుమతించే ఏర్పాటు ఉంచుకోవాలి. జిట్సీలో గదికి 'గ్రంథాలయం' వంటి తేలిక పేరు పెడితే ఎవరైనా ఊహించగలరు. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు మాటలు కలిపి పెడుతున్నాం.

ఫిబ్రవరి: హాలు, మైకు

అన్నిటికంటే ఎక్కువ ఓపిక దీని మీదే పెట్టాను. పెట్టాలి కూడా. బొమ్మ మసకగా ఉన్నా సమావేశం జరుగుతుంది, మాట తెగిపోతే జరగదు. ఊళ్లో హాలు చివర కూర్చున్న మాస్టారికి సిడ్నీ మాట స్పష్టంగా వినపడుతోందా లేదా అన్నదే నాకు గీటురాయి. ఆయనకు వినపడితే అందరికీ వినపడినట్టే.

మొదట్లో ఊళ్లోని అయిదుగురూ హాల్లో కూర్చుని ఎవరి ఫోనులో వారు చేరేవారు. దాంతో కీచుమని గోల. కారణం ఇది: ప్రతి ఫోనూ తన స్పీకరు నుంచి వచ్చే ధ్వనిని గుర్తుపట్టి, తన మైకులోకి వచ్చినప్పుడు దాన్ని తుడిచేస్తుంది. పక్క ఫోను స్పీకరు నుంచి వచ్చేది దానికి కొత్త ధ్వని, తుడవలేదు. అది మైకులో పడి, మళ్లీ స్పీకరులోంచి వచ్చి, తిరుగుతూనే ఉంటుంది. ఒక గదిలో ఎందరున్నా మోగే స్పీకరు ఒక్కటే, తెరిచిన మైకు ఒక్కటే ఉండాలి. ఈ ఒక్క నియమంతో సగం బాధ తీరింది.

మిగతా సగానికి యూఎస్‌బీ స్పీకర్‌ఫోను కొన్నాం. అరచేతిలో పట్టేంత గుండ్రని పరికరం. మైకూ స్పీకరూ అందులోనే ఉంటాయి, ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చాలు. దాన్ని బల్ల మధ్యలో, నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు మీద ఉంచుతాం. తువ్వాలు లేకపోతే ఎవరైనా టీ గ్లాసు బల్ల మీద పెట్టిన ప్రతిసారీ డాలస్‌లో తలుపు కొట్టినంత శబ్దం. బల్లకు సరిగ్గా పైన తిరిగే ఫ్యాను ఆపి, గోడ వైపుది వేస్తాం. హాల్లో ఒకవైపు ఉక్కు బీరువాలు, మరోవైపు సిమెంటు గోడ ఉండటంతో మాట గుయ్యిమనేది. పుస్తకాల రాకులున్న వైపు బల్ల జరిపాక బాగా తగ్గింది. బారులు తీరిన పుస్తకాలు ధ్వనిని మింగేస్తాయి. ఈ సౌకర్యం గ్రంథాలయాలకే సొంతం!

మార్చి, ఏప్రిల్: గడియారాల సంగతి

సమావేశం ఆదివారం ఉదయం 7 గంటలకు. ఊళ్లో ఎండ ముదరదు, చర్చికి వెళ్లేవారికి ఆరాధన ఇంకా మొదలు కాదు. డాలస్‌లో అది శనివారం రాత్రి, సిడ్నీలో ఆదివారం మధ్యాహ్నం.

మన గడియారం ఏడాది పొడుగునా కదలదు. వాళ్లవి కదులుతాయి, అది కూడా ఒకదానికొకటి ఎదురుగా. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. సిడ్నీలో అక్టోబరు మొదటి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి. కాబట్టి మన ఉదయం 7 గంటలకు నవంబరు రెండో ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా డాలస్‌లో రాత్రి 7.30, సిడ్నీలో మధ్యాహ్నం 12.30. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం లోపల డాలస్‌ది 8.30కి మారుతుంది, సిడ్నీది 12.30గానే ఉంటుంది. ఆ తర్వాత సెప్టెంబరు ఆఖరు వరకు 8.30, 11.30. అక్టోబరు నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మళ్లీ 8.30, 12.30.

దీన్ని ఒక కాగితం మీద రాసి హాల్లో గోడకు అంటించాం. నోటీసులో మూడు ఊళ్ల సమయమూ వారం పేరుతో సహా రాస్తాను, ఎందుకంటే డాలస్‌లో ఉన్నవారికి 'ఆదివారం' అన్న మాట ఒక రోజు ఆలస్యం. క్యాలెండర్ ఆహ్వానం కూడా పంపుతాను. దాన్ని భారత కాలమానంలో తయారు చేస్తే ఎవరి ఫోనులో వారి సమయం దానంతటదే కనిపిస్తుంది.

మే: కరెంటు, డేటా

ఎండాకాలం కోతలకు ఇన్వర్టరు ఉంది. రౌటరును కూడా దానికే కలిపాం. చాలాచోట్ల బల్బులూ ఫ్యాన్లూ కలుపుతారు, రౌటరును మరిచిపోతారు. బ్రాడ్‌బ్యాండ్ పోతే ఫోను హాట్‌స్పాట్.

హాట్‌స్పాట్ మీద నడిచేటప్పుడు డేటా లెక్క తెలిసి ఉండాలి. జూమ్ ప్రకటించిన అంకెలు చూశాను: మాటకు మాత్రమే సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు, ఇద్దరి మధ్య మంచి నాణ్యత వీడియోకు 600 కిలోబిట్లు. అంటే మాటకు గంటకు 27 నుంచి 36 ఎంబీ, వీడియోకు రానూ పోనూ ఒక్కో వైపు 270 ఎంబీ. సాధనం మారితే అంకెలు మారవచ్చు, మాటకంటే బొమ్మకు చాలా ఎక్కువ డేటా పడుతుందన్నది మాత్రం మారదు. అందుకే మొదటి రెండు నిమిషాలు అందరం కెమెరా వేసి పలకరించుకుంటాం. ఆపైన హాలు కెమెరా, మాట్లాడుతున్నవారి కెమెరా తప్ప మిగతావి ఆపేస్తాం. ముఖాలు చూసుకోవడం ముఖ్యమే, ఆ రెండు నిమిషాలను నేను ఎప్పుడూ కోయను.

మాటలు ఢీకొనడం ఇంకో చిక్కు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ ఇబ్బంది లేకుండా సాగుతుందని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫారసు చెబుతుంది. ఖండాలు దాటి, వైఫై మీదుగా వచ్చే మాటకు మొదటి హద్దు నిలవదు. ఎదుటివారు ఆగారనుకుని మనం మొదలుపెట్టేసరికి వారి తర్వాతి వాక్యం వచ్చి పడుతుంది. దీనికి సాంకేతిక వైద్యం లేదు. అధ్యక్షులు పేరు పిలవాలి, పిలిచిన వారే మాట్లాడాలి. మాస్టారు ముప్పై ఏళ్లు బడి నడిపిన మనిషి. ఆయన "సిడ్నీ నుంచి అమ్మాయీ, నువ్వు చెప్పు తల్లీ" అంటే మిగతా ఎనిమిది మందీ నిశ్శబ్దం. ఒక్కో అంశం చివర ఇంతవరకు మాట్లాడనివారిని పేరుపేరునా అడుగుతారు. దూరాన ఉన్నవారు మొహమాటపడి ఊరుకోవడం దీంతోనే పోయింది.

జులై: పద్దుల పుస్తకం తెర మీద

కోశాధికారి బాబాయి లెక్కలు చేత్తోనే రాస్తారు, రాయాలని నేనూ కోరుకుంటాను. వాటిని అందరికీ చూపడం ఎలా? పేజీలు ఫొటో తీసి పంపితే ఎవరు ఏ వరుస చూస్తున్నారో తెలిసేది కాదు. ఇప్పుడు రెండో ఫోనును స్టాండుకు బిగించి, కెమెరా నేరుగా కిందికి చూసేలా పెట్టి, దాన్నీ సమావేశంలో చేరుస్తున్నాం. మైకు ఆపి, ధ్వని పూర్తిగా తగ్గించి ఉంచాలి, లేకపోతే ఫిబ్రవరి గోల మళ్లీ మొదలు.

పుస్తకాన్ని కిటికీ దగ్గర, వెలుగు పక్క నుంచి పడేలా పెడతాం. పైన దీపం వేస్తే కాగితం మెరిసి అంకెలు కనపడవు. బాబాయి వేలు జమ వైపు నుంచి ఖర్చు వైపుకు మెల్లగా జరుగుతుంది: పత్రికల చందా, కరెంటు బిల్లు, రెండు కుర్చీల మరమ్మతు, బైండింగు కూలి. ఒక వరుస దగ్గర ఆగి, పక్కనే పిన్ను గుచ్చిన రసీదు తిప్పి చూపిస్తారు. డాలస్ నుంచి "బాబాయిగారూ, ఆ పై వరుస ఇంకోసారి" అని అడుగుతారు. వేలు వెనక్కి వెళుతుంది. ఏడాదిలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే. లెక్క మీద నమ్మకం అంకెల పట్టికతో వచ్చేదానికంటే ఆ వేలితో పాటు చదివినప్పుడు ఎక్కువగా వస్తుంది.

తెలుగు కాగితాల విషయంలో ఒక సూచన. డీటీపీ సెంటర్లలో అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పత్రం మరో ఫోనులో తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో టైపు చేయించాలి, లేదా పీడీఎఫ్ పంపాలి. చర్చాంశాలు ఒక్క పేజీ దాటకుండా, పెద్ద అక్షరాల్లో వాట్సాప్‌లో పెడతాను. ఊళ్లో అయిదు ప్రతులు అచ్చు తీస్తారు.

సెప్టెంబరు నుంచి: హాజరు, తీర్మానం, మినిట్స్

కంపెనీల డైరెక్టర్లు వీడియో ద్వారా సమావేశమయ్యే పద్ధతిని 2014 నాటి నిబంధనల్లో వివరంగా రాశారు. మాది సంఘమే కాబట్టి అవి మాకు వర్తించవు. అయినా ఏరి తెచ్చుకోదగ్గవి. సమావేశం మొదలవగానే ప్రతి ఒక్కరూ తమ పేరు, ఎక్కడి నుంచి పాల్గొంటున్నారో, చర్చాంశాలు అందాయో లేదో చెప్పాలి. మాట్లాడే ముందు పేరు చెప్పుకోవాలి. మినిట్స్ ముసాయిదాను 15 రోజుల్లోగా అందరికీ పంపాలి, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపాలి. మేము ఈ మూడూ పాటిస్తున్నాం. ముసాయిదాను మాత్రం అదే రోజు సాయంత్రానికి పంపేస్తున్నాను.

మధ్యలో లైను తెగి ఎవరైనా వెళ్లిపోతే కోరం చూసుకోవాలి. మాకు అయిదుగురు ఉండాలి. చర్చలో ఉండి ఓటు వేళకు తెగిపోయినవారిని ఫోను చేసి అడగడం లేదు, వారు తిరిగి చేరేదాకా అయిదు నిమిషాలు ఆగి తర్వాతి అంశం ఎత్తుకుంటాం. తీర్మానాన్ని ముందు తెర మీద పూర్తి వాక్యంగా టైపు చేసి, గట్టిగా చదివి, ప్రతిపాదించినవారు, బలపరచినవారు ఎవరో రాసి, అప్పుడే పేరుపేరునా అభిప్రాయం అడుగుతాం. చేతులెత్తడం తెర మీద లెక్క తేలదు.

రికార్డింగు వద్దని అందరం ఒక మాట మీద ఉన్నాం. రికార్డు అవుతోందంటే మనుషులు తడుముకుంటూ మాట్లాడతారు, పైగా గంట వీడియోను తిరిగి చూసే తీరిక ఎవరికీ లేదు. మినిట్స్ పుస్తకంలో చేత్తో రాసి, సంతకాలు పెట్టిన పేజీయే మా రికార్డు. దూరాన ఉన్నవారి ఆమోదం ఈమెయిల్‌లో తెప్పించి, అచ్చు తీసి ఆ పేజీకే అంటిస్తాం.

చేయవలసినవి

నియమావళిలో 'వీడియో ద్వారా పాల్గొన్న సభ్యుడు హాజరైనట్టే' అన్న వాక్యం చేర్చాలి. అది లేకపోతే రేపు ఎవరైనా తీర్మానాన్ని ప్రశ్నిస్తే నిలబడటం కష్టం. సవరణ సర్వసభ్య సమావేశంలోనే జరగాలి, అందరూ సంక్రాంతికి ఊరొస్తారు కాబట్టి అప్పుడే పెడుతున్నాం. నోటీసు డిసెంబరు మొదటి వారంలో పోతుంది. హాలు ల్యాప్‌టాప్ నడపడం ఒక్క బాబాయికే వచ్చు, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలకు కూడా నేర్పుతున్నాం. మాస్టారు ఇంకో స్పీకరు అడిగారు. ఈ పరికరానికి రెండోదాన్ని జోడించే వీలుందో లేదో చూసి, వచ్చే సమావేశంలో ధరతో సహా పెడతాను.