జేబు ఉండిపోయింది

న్యూయార్క్‌లో బట్టల కంపెనీలుండే సెవెంత్ ఎవెన్యూలో ప్యాటర్న్ మేకర్‌ని, అంటే గుడ్డ కత్తిరించడానికి కాగితం నమూనాలు గీసేదాన్ని. పనికి నడిచే దారిలో ఫుట్‌పాత్ మీద డిజైనర్ల పేర్లతో కంచు పలకలు ఉంటాయి. క్లేర్ మెక్‌కార్డెల్ పలక దగ్గర ప్రతిసారీ నా అడుగు నెమ్మదిస్తుంది.

1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌లోకి వచ్చేదాకా ఈ వీధిలో చాలామంది పారిస్ నమూనాలు చూసి కుట్టినవాళ్లే. ఆ దారి మూసుకుపోయింది. పట్టు యుద్ధంలో పారాచూట్ల తయారీకి పోయింది, జిప్పులకు లోహం కరువైంది. 1942లో ప్రభుత్వం గుడ్డ పొదుపు కోసం ఎల్-85 అనే ఉత్తర్వు తెచ్చింది. గౌను కింది మడత 2 అంగుళాలు దాటకూడదు! మెక్‌కార్డెల్ ఆ కొలతల్లోనే బట్టలు కుట్టించింది. బిగించడానికి నాడాలు పెట్టింది. తోలు రేషన్‌లోకి వెళ్తే, నాట్యం చేసేవాళ్ల మెత్తటి గుడ్డ చెప్పులకు గట్టి అడుగు వేయించింది. పనిమనుషులు ఫ్యాక్టరీలకు వెళ్లిపోయి, ఇంటిపని సొంతంగా చేసుకుంటున్న ఆడవాళ్ల కోసం అదే ఏడు 'పాపోవర్' అనే చుట్టుకునే గౌను తెచ్చింది. ధర 6.95 డాలర్లు. పెద్ద జేబు, దాంతోపాటే మసిగుడ్డలా వాడుకునే చేతి తొడుగు. వంటింట్లో నిలబడ్డ మనిషికే తట్టే ఆలోచన అది.

మంగళగిరిలో మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. గుడ్డ తక్కువ తెచ్చారని ఎవరినీ వెనక్కి పంపలేదు. పన్నా చూసి, గుడ్డను అటూ ఇటూ తిప్పి, చంక కింద అతుకేసైనా సరిపెట్టేది. ఆ అతుకు ఎక్కడుందో వేసుకున్నవాళ్లకే తెలిసేది కాదు.

కుట్టినవాళ్ల పేరు బయటికి రావడం వేరే పోరాటం. లార్డ్ అండ్ టేలర్ దుకాణంలో డొరొతీ షేవర్ 1930లలోనే అమెరికా డిజైనర్లను పేరు పెట్టి నిలబెట్టింది. 1943లో ఫ్యాషన్ ప్రచారకర్త ఎలియనార్ లాంబర్ట్ దేశంలోని పత్రికలవాళ్లను న్యూయార్క్‌కు పిలిచి ఆ డిజైనర్ల బట్టలు చూపించింది. నేటి ఫ్యాషన్ వీక్‌కు మూలం అదే. మిషన్ల ముందు కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ కుటుంబాల ఆడవాళ్లు. వాళ్లకు పలకలు లేవు. ఇప్పుడు నా పక్క మిషన్ల మీద ఉన్నది చైనా, ఈక్వెడార్‌ల నుంచి వచ్చిన అక్కలు.

వచ్చిన కొత్తలో ఒక కంపెనీలో ఖర్చు తగ్గించాలని ముందు జేబు తీసేయమన్నారు. వాదించడానికి నాకు ఇంగ్లీషు చాలలేదు. ప్యాటర్న్ ముక్కలు సర్ది, మిగులు గుడ్డలోనే జేబు వస్తుందని చూపించాను. ఒప్పుకోలేదు. ఆ రోజు ఏడుపొచ్చింది.

మొన్న ఇంకో చోట ఒక కాటన్ గౌనుకు అదే మాట వచ్చింది. మళ్లీ ముక్కలు పరిచి, నోటితో కూడా చెప్పాను. శాంపిల్ కుట్టి వచ్చాక జేబులో చేయి పెట్టి చూశాను. మణికట్టు దాకా దిగింది.