ఉంగరపు వేలు నలిగాక నేను విన్న రాక్ ఆల్బమ్‌లు

చిత్తూరులో ఒక రిసెప్షన్ ప్రోగ్రాం ముగించుకుని, రాత్రి ఒంటిగంటకు సామాన్లు వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాం. బేస్ బాక్సుకు ఒక పక్క నేను, ఇంకో పక్క సౌండ్ కుర్రాడు. లోపలికి తోసేటప్పుడు బాక్సు జారింది. నా ఎడమ చేతి ఉంగరపు వేలు బాక్సుకీ వ్యాన్ అంచుకీ మధ్య పడింది. నొప్పి కంటే ముందు చప్పుడు తెలిసింది. తర్వాత అందరూ ఏదో అరుస్తున్నారు, నేను మాత్రం గిటార్ బ్యాగు ఎక్కడుందో చూసుకుంటున్నాను.

గిటార్ వాయించేవాళ్ళకు ఆ వేలు ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. బార్ కార్డ్ (చూపుడు వేలితో తీగలను అడ్డంగా నొక్కి పట్టే స్వరాల గుంపు) పట్టాలన్నా అది కావాలి, తీగను పక్కకు నెట్టి గమకం తీయాలంటే భారమంతా దాదాపు దాని మీదే పడుతుంది. ఎక్స్‌రేలో చివరి ఎముక చిట్లిందని తేలింది. గోరు ఊడిపోయింది. నాలుగు వారాలు కట్టు, ఆ తర్వాత ఫిజియోథెరపీ అన్నారు. "మళ్ళీ వాయించగలనా సార్?" అని అడిగితే, "వాయిస్తారు, కానీ స్పర్శ సరిగ్గా రావడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి" అన్నారు డాక్టర్ గారు. బయట పెళ్ళిళ్ళ సీజన్. మా ఆర్కెస్ట్రాలో నా చోట ఇంకొకరిని పెట్టుకున్నారు. అడ్వాన్సులు తీసుకున్నాక అది తప్పదు, నాకు కోపం రాలేదు. కానీ సాయంత్రం ఆరయ్యేసరికి తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి ముందు నుంచి వ్యాన్ వెళ్తుంటే నేను ఇంట్లో కూర్చోవడం చాలా కష్టంగా ఉండేది.

పద్దెనిమిదేళ్ళుగా పాట వినడమంటే నాకు పనే. ఏ శ్రుతి, ఏ కార్డ్, ఇంటర్‌లూడ్‌లో గిటార్ బిట్ ఎక్కడ వస్తుంది, ఇంతవరకు కాగితం మీద రాసుకుని ఫోన్ పక్కన పెట్టేసేవాణ్ణి. రాక్ అంటే కాలేజీ ఫంక్షన్లలో పిల్లలు అడిగినప్పుడు వాయించే నాలుగు బిట్లు. ఆ బిట్ ఏ పాటలోది, ఆ పాట ఏ ఆల్బమ్‌లోది, దాని ముందూ వెనకా ఏముందో ఎప్పుడూ చూడలేదు.

కట్టు విప్పాక ఫిజియోథెరపీ మేడం ఒక పని చెప్పారు. వేలి చివర చర్మం ముట్టుకుంటేనే కరెంటు కొట్టినట్టు ఉండేది. అది పోవాలంటే ముందు దూదితో, తర్వాత గుడ్డతో రుద్దాలి, ఆ తర్వాత గిన్నెలో బియ్యం పోసుకుని అందులో వేలు పెట్టి మెల్లగా తిప్పాలి. ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు. మా ఆర్కెస్ట్రాలో ప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే తమ్ముడు చూడ్డానికి వచ్చి నా ఫోన్‌లో కొన్ని ఆల్బమ్‌లు పెట్టి వెళ్ళాడు. "అన్నా, పాటలు ఏరుకుని వినొద్దు. షఫుల్ ఆపేసి మొదట్నుంచి చివరిదాకా విను" అన్నాడు. పాత ఎల్పీ రికార్డుకు ఒక వైపు దాదాపు ఇరవై నిమిషాలే పడుతుంది. నా బియ్యం గిన్నె టైమూ అంతే. ఉదయం ఒక సైడు, సాయంత్రం రెండో సైడు. అలా మొదలైంది.

మొదట విన్నది బ్లాక్ సబ్బాత్ వాళ్ళ మొదటి ఆల్బమ్, 1970లో వచ్చింది. తమ్ముడు దాన్ని ముందు పెట్టడానికి కారణం ఉంది. ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఉద్యోగం మానేసే చివరి రోజున మెషీన్‌లో రెండు వేళ్ళ చివర్లు పోగొట్టుకున్నాడు. ఎడమ చేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కేది కుడి చేత్తో. పోయినవి ఆ చేతి మధ్య వేలు, ఉంగరపు వేలు. ఇక గిటార్ లేదని కుంగిపోతుంటే ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఇంటికొచ్చి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. జాంగో 1928లో నిప్పు ప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా, మిగతా వాటితో జాజ్ గిటార్‌లో మేటి అయినవాడు. అది విన్నాక అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించుకున్నాడు. మామూలు తీగలు నొక్కలేక బాంజో తీగలు వేసుకున్నాడు. ఇదంతా తెలుసుకున్నాక ఆ ఆల్బమ్ పెట్టుకున్నాను. వాన చప్పుడు, దూరంగా గంట, ఆ తర్వాత మూడే మూడు స్వరాలు. మంద్రంలో స, పైన స, అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం (పంచమానికి ఒక్క మెట్టు కింద ఉండే మ) మీద నిలబడిపోతుంది. గిన్నెలో నా వేలు ఆగిపోయింది. మన సంగీతంలో ప్రతి మధ్యమం ఎన్ని రాగాల్లో వింటాం, అదెప్పుడూ ఇంత భయం పుట్టించలేదు. పక్కన పంచమం లేకుండా దాన్ని ఒంటరిగా వదిలేశారు, అందుకే ఆ భయం. ఆల్బమ్ మొత్తం దాదాపు ఒక్క రోజులో, స్టేజీ మీద వాయించినట్టే అందరూ కలిసి వాయించి రికార్డు చేశారు. ప్రోగ్రాంలు చేసుకుని బతికేవాళ్ళ చెవికి ఆ ఒక్క రోజు వినపడుతుంది. అక్కడక్కడా టెంపో కదులుతుంది, కానీ ఎవరూ ఎవర్నీ వదిలిపెట్టరు.

ఆ వారం బియ్యం గిన్నె బరువనిపించలేదు.

రెండో వారం పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', 1973. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది నాయనతో కలిసి విన్నాను. నాయన నాదస్వరం పక్కన డోలు వాయించినవాడు. నలభై ఏళ్ళు ఊరేగింపుల్లో, పెళ్ళి పందిళ్ళలో నిలబడి మోకాళ్ళు అరిగి, ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. సాయంత్రం మిద్దె మీద చాప వేసుకుని కూర్చున్నాం. చీకటి పడితే ఘాట్ రోడ్డు లైట్లు కొండ మీద గీత గీసినట్టు కనిపిస్తాయి. హెడ్‌ఫోన్ తీసేసి చిన్న స్పీకర్ పెట్టాను. రెండో సైడు మొదట్లో 'మనీ' అనే పాట వస్తుంది. చిల్లర గలగల, గల్లాపెట్టె చప్పుడు, కాగితం చింపిన చప్పుడు. ఆ చప్పుళ్ళను టేపు మీద రికార్డు చేసి, సమానంగా కొలిచి కత్తిరించి, ఏడు అక్షరాల (ఏడు దెబ్బల) తాళానికి సరిపోయేలా అతికించారు. దాని మీద బేస్ గిటార్ వస్తుంది.

నాయన కళ్ళు మూసుకునే తొడ మీద వేళ్ళతో వేస్తున్నాడు. రెండు ఆవర్తాలు కాగానే అన్నాడు. "ఏడు రా ఇది. తకిట తకధిమి. మిశ్రచాపు."

శాక్సోఫోన్ అయిపోయి గిటార్ సోలో మొదలైంది. వేళ్ళు ఆగాయి. "ఆగాగు. తాళం మార్చినారే. ఇప్పుడు నాలుగు." సోలో అంతా నాలుగులో వేసి, పాట తిరిగి ఏడులోకి వచ్చినప్పుడు చెయ్యి తప్పకుండా పడింది. "వచ్చినారు చూడు" అని కళ్ళు తెరిచాడు. "ఏ ఊరోళ్ళు రా వీళ్ళు?"

"లండన్, నాయనా."

"ఆ డ్రమ్ము వాయించేవోడు ఎక్కడా తొందరపడలేదు."

నాయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు. ఇంతకాలం ఈ పాట బేస్ బిట్ వాయిస్తూ నేను మనసులో ఒకటి, రెండు అని ఏడు దాకా లెక్కపెట్టేవాణ్ణి. ఆ రోజు నుంచి లెక్క మానేశాను. ఇంట్లో చిన్నప్పట్నుంచి ఉన్న తాళమే కదా.

అదే ఆల్బమ్ మొదటి సైడు చివర్లో క్లేర్ టోరీ అనే గాయని ఒక్క మాట లేకుండా పాడుతుంది. మనవాళ్ళకు సులువుగా చెప్పాలంటే అది ఆలాపన. తారస్థాయిలో గొంతు చీలిపోతుందేమో అన్నంత దాకా వెళ్ళి, అక్కడి నుంచి గుసగుసగా దిగిపోతుంది. స్టూడియోకి వచ్చి ఒక్క పూటలో పాడి, మామూలు కూలి తీసుకుని వెళ్ళింది. చాలా ఏళ్ళ తర్వాత కోర్టుకు వెళ్తే, 2005లో రాజీ కుదిరి, ఆ పాట రచనలో ఆమె పేరు కూడా చేరింది. కోరస్ పాడే మా అక్కలిద్దరికీ ఈ విషయం ఫోన్ చేసి మరీ చెప్పాను.

చాలామంది బీటిల్స్ అనగానే 1967 నాటి 'సార్జెంట్ పెప్పర్స్' చెబుతారు. విన్నాను, గొప్ప పనితనం. కానీ నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకునేది వాళ్ళ మొదటి ఆల్బమ్, 'ప్లీజ్ ప్లీజ్ మీ'. అందులోని పద్నాలుగు పాటల్లో పది పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్క రోజులో పాడి ముగించారు. జాన్ లెనన్‌కు జలుబు. గొంతు పోతుందని తెలిసి, అరిచి పాడాల్సిన పాటను అన్నిటికంటే చివర పెట్టుకున్నారు. ఒకే రోజు మూడు ప్రోగ్రాంలు చేసిన గాయకులెవరైనా ఆ ఆఖరి పాట వింటే, ఆ గొంతులో ఏం మిగిలి ఉందో ఇట్టే పట్టేస్తారు.

గిటార్ చేతికి తీసుకున్నది మూడో నెలలో. ఉంగరపు వేలు ఇంకా తీగ మీద పెట్టలేను. అప్పుడు నన్ను ఆదుకున్నది డీప్ పర్పుల్ వాళ్ళ 'మెషీన్ హెడ్', 1972. అందులోని 'స్మోక్ ఆన్ ది వాటర్' బిట్ గిటార్ నేర్చుకునే ప్రతి పిల్లాడూ వాయిస్తాడు. నేనూ పద్దెనిమిదేళ్ళు వాయించాను, తప్పుగా. అందరూ దాన్ని స–ప జంటతో, మూడు వేళ్ళతో పట్టి, పిక్ అనే ప్లాస్టిక్ ముక్కతో కొడతారు. ఆ బ్యాండ్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ అలా వాయించలేదు. పక్కపక్కనే ఉన్న రెండు తీగలను కలిపి పట్టి, కుడి చేతి వేళ్ళతో ఒకేసారి మీటాడు. ఆ రెండు తీగల మధ్య ఉన్నది కింది ప నుంచి పై స దూరం. అంటే ఎడమ చేతికి కావలసింది చూపుడు వేలు ఒక్కటే! స గ మ, మళ్ళీ స గ, ఒక్కసారి ప్రతి మధ్యమం తగిలి శుద్ధ మధ్యమానికి దిగడం. ఒక్క వేలు అడ్డంగా ఆనించి జరుపుకుంటూ వాయించాను. యాంప్‌లోంచి అసలు రికార్డులోని శబ్దమే వచ్చింది. మూడు నెలల తర్వాత నా చేత్తో పలికిన మొదటి సంగీతం అది. నా భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ పాటలో చెప్పిందంతా జరిగిన సంగతే. 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో రికార్డింగ్‌కని వెళ్ళారు. ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా, వీళ్ళు రికార్డు చేసుకోవాల్సిన కేసినో కాలిపోయింది. చలికాలానికి మూసేసిన ఒక హోటల్ దొరికితే, దాని వరండాలో పరుపులు అడ్డం పెట్టుకుని ఆల్బమ్ ముగించారు.

చోటును బట్టి శబ్దం ఎలా మారుతుందో లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్, 1971లో వచ్చినది, ఇంకా బాగా చూపించింది. చివరి పాటలో జాన్ బోనమ్ డ్రమ్స్ వినండి. హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో, మెట్లున్న హాల్లో కింద డ్రమ్స్ పెట్టి, మైకులు పైన మెట్ల దగ్గర వేలాడదీశారు. మన కళ్యాణ మండపాల్లో ఎకో గురించి సౌండ్ వాళ్ళతో ప్రతి ప్రోగ్రాంలోనూ తగువే. ఇది విన్నాక ఒక మధ్యాహ్నం, తిరుచానూరు రోడ్డులో ఖాళీగా ఉన్న మండపంలో తమ్ముడి డ్రమ్స్ దింపి, ఒక మైకు డ్రమ్స్ ముందు, ఒకటి బాల్కనీ మెట్ల మీద పెట్టి చూశాం. ముందున్న మైకులో డబ్బా కొట్టినట్టుంది. మెట్ల మీద మైకులో గోపురం కింద డోలు వాయించినట్టు, నిండుగా, బరువుగా. ఇద్దరం ఆ రికార్డింగ్ పదిసార్లు విన్నాం.

రిథమ్ గిటార్ వాళ్ళకైతే ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్', 1980, పాఠం లాంటిది. గాయకుడు బాన్ స్కాట్ ఆ ఫిబ్రవరిలో చనిపోతే జూలైకల్లా కొత్త గాయకుడితో తెచ్చారు, అట్ట మొత్తం నలుపే. వాళ్ళ రిథమ్ గిటారిస్టు మాల్కమ్ యంగ్ చెయ్యి వినండి. తబలా వాళ్ళకు ఇండియన్ ఓషన్ 'కాందీసా', 2000. ఢిల్లీ వాళ్ళది. అందులో అసీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడాడు.

తిరిగి స్టేజీ ఎక్కడానికి చేసిన పనులు కొన్ని చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. పది గేజ్ తీగలు తీసేసి, వాటికంటే సన్నవైన ఎనిమిది గేజ్ వేశాను. అయోమీ 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకు గిటార్ శ్రుతిని మూడు హాఫ్ నోట్లు దించాడు. తీగ వదులైతే వేలికి సుఖం. నేను రెండు దించి, రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు) పెట్టుకున్నాను. గాయకుల శ్రుతి మారదు, తీగ మాత్రం మెత్తగానే ఉంటుంది. వేలికి ప్లాస్టర్ చుట్టి చూస్తే తీగ పట్టు దొరకలేదు. చివరికి గాంధీ రోడ్డులో స్టేషనరీ షాపులో, నోట్లు లెక్కపెట్టేవాళ్ళు పెట్టుకునే రబ్బరు తొడుగు కొన్నాను. బుడిపెలు లోపలికి వచ్చేలా తిరగేసి తొడిగాను. పది రోజులు దానితో సాధన చేశాక వేలి చర్మం గట్టిపడింది. తొడుగు తీసేశాను.

రేణిగుంట దగ్గర ఒక రిసెప్షన్‌తో మళ్ళీ మొదలుపెట్టాను. సాయంత్రం ఐదుకు సౌండ్ చెక్. హాల్లో కుర్చీలు సర్దేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. వాల్యూమ్ చూసుకోవడానికి ఆ రెండు తీగలనూ చూపుడు వేలితో పట్టి, కుడి చేతి వేళ్ళతో మీటాను. స గ మ. వెనక నుంచి తమ్ముడు హై హ్యాట్ అందుకున్నాడు. కీబోర్డ్ అన్న టీ గ్లాసు కింద పెట్టి వచ్చి ఆర్గన్ శబ్దం పెట్టాడు. చివర్లో ఉంగరపు వేలు తీగ మీద ఆనించి నొక్కి చూశాను. సన్నగా మంట. స్వరం శుభ్రంగా పలికింది.